పేరు లేని కంచం

మూడో రోజు కూడా బాక్సు నిండుగానే తిరిగొచ్చింది.

భావన మూత తీసి చూసింది. పొద్దున సర్దిన నిమ్మకాయ పులిహోర సర్దినట్టే ఉంది. పైన పెట్టిన అప్పడం ముక్క మెత్తబడి అన్నానికి అతుక్కుపోయింది. నిహారిక బూట్లు విప్పి, సాక్సులు వాటిలో కుక్కి, వీధి మెట్ల మీద కూర్చుని వచ్చేపోయే ఆటోలను చూస్తోంది. ఎందుకు తినలేదే అంటే ఆకలి లేదంది. నిన్నా అదే మాట, శనివారమూ అదే మాట. ఎనిమిదేళ్ల పిల్లకు పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా ఆకలి లేకపోవడమేమిటి? టాంజానియాలో ఉన్నప్పుడు స్కూలు వ్యాను దిగుతూనే, భుజాన బ్యాగైనా తీయకుండా పక్కింటి మామా నీమా వాకిట్లో చేతులు కడుక్కుని కూర్చునే పిల్ల ఇది.

వాళ్లిద్దరూ నరసరావుపేట వచ్చి పన్నెండు రోజులైంది. టాంగా అనే ఆ సముద్రపు ఊళ్లో సిమెంటు ఫ్యాక్టరీ పని కొత్తవాళ్లకు అప్పజెప్పి భర్త కృష్ణచైతన్య ఆదివారం దిగుతాడు. దాచేపల్లి దగ్గర ఇంకో ఫ్యాక్టరీలో ఉద్యోగం ఖాయమైంది. ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతున్నాడు, పిల్ల అలవాటు పడిందా అని. భావన ఒకటే చెబుతోంది, పడుతోంది అని. రెండేళ్లప్పుడు తీసుకెళ్లిన పిల్లను ఎనిమిదేళ్లకు వెనక్కి తెచ్చి, ఇదే నీ ఊరు అంటే అది వెంటనే నమ్మాలని ఆమె కూడా అనుకోలేదు. కానీ ఆదివారం లోపల ఆ అబద్ధాన్ని నిజం చేసుకోవాలని పట్టుదల. పిల్ల బాక్సు ఖాళీ చేసి, ఒక్క స్నేహితురాలి పేరు చెబితే చాలు. అంతకంటే ఆమె ఏమీ అడగడం లేదు.

మర్నాడు బుధవారం, పిల్లను దింపడానికి తనే వెళ్లింది. క్లాసు టీచరు జీవరత్నం ఆమెను వరండాలోనే ఆపి, నేనే ఫోను చేద్దామనుకుంటున్నానంది. నలభై అయిదేళ్ల మనిషి, నేత చీర. నోటు పుస్తకాల దొంతర చంకన పెట్టుకుని నిలబడే చెప్పింది. మొదటి రోజు భోజనాల బెల్లు కాగానే నిహారిక పక్క పిల్ల బాక్సులో చెయ్యి పెట్టి ఒక ముద్ద తీసుకుని తినేసిందట. తన బాక్సు తీసి అందరి మధ్యకూ జరిపిందట. పిల్లలు ఎంగిలి, ఎంగిలి అని లేచిపోయారు. ఒక పిల్ల ఇంటికెళ్లి చెబితే వాళ్లమ్మ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెద్ద మెసేజీ పెట్టింది. అప్పటి నుంచి నిహారిక కూర్చునే బెంచీలో ఎవరూ బాక్సు విప్పడం లేదు. తనూ విప్పడం లేదు.

పిల్ల ఏదో మాట కూడా అందట, అదేంటో అర్థం కాలేదంది టీచరు.

"కరీబు" అంది భావన. "అంటే రండి, తినండి అని. అక్కడ ఎవరైనా తింటుంటే దారిన పోయేవాళ్లను కూడా అలా పిలుస్తారు. ఒకే పళ్లెం చుట్టూ కూర్చుని తింటారు."

"మంచి మాటే" అంది జీవరత్నం. కాసేపు పుస్తకాల అంచులు సరిచేసుకుంది.

మీరే ఒకసారి క్లాసులో చెప్పి చూడండి టీచర్ అని భావన బతిమాలింది. మన పద్ధతులు దానికి తెలియవు, మీ మాటైతే వింటుంది అంది.

"నేను లెక్కలు చెప్తా, ఇంగ్లీషు చెప్తా మేడం. ఈ పాఠం మాత్రం నా నోటితో చెప్పలేను. చిన్నప్పుడు నాకు చెప్పినోళ్లు చానామంది ఉన్నారు. మీ ఇంట్లో మీరే చెప్పుకోండి."

కోపంగా అనలేదు. అని, బెల్లు కొట్టారని క్లాసులోకి వెళ్లిపోయింది. ఆ మాట అర్థం కావడానికి భావన స్కూలు గేటు దాకా నడవాల్సి వచ్చింది. అర్థమయ్యాక వెనక్కి తిరిగి ఏదో ఒకటి అనాలనిపించింది. కానీ ఆటో ఎక్కింది.

ఆ సాయంత్రం ఆరింటికి పుల్లమ్మ పెరటి మెట్టు మీద కూర్చుని అన్నం తింటోంది.

పుల్లమ్మ ఈ ఇంట్లో పదహారేళ్లుగా అంట్లు తోముతోంది, ఇల్లు తుడుస్తోంది, బట్టలు ఉతుకుతోంది. ఆమె గ్లాసూ కంచమూ పెరటి కిటికీ గూట్లో బోర్లించి ఉంటాయి. కాఫీ ఇచ్చేటప్పుడు అత్తగారు రామతులసి గ్లాసుకు జానెడు ఎత్తున గిన్నె పట్టుకుని పోస్తుంది. చుక్క బయట పడదు. అన్నమైనా అంతే, ఇడ్లీ అయినా అంతే, పైనుంచి జారవిడుస్తుంది. ఇందులో ద్వేషం ఏమీ లేదు. పుల్లమ్మ కూతురి పెళ్లికి చీరలు పెట్టిందీ రామతులసే, జ్వరమొస్తే ఆటోకు డబ్బులిచ్చి ఆసుపత్రికి పంపిందీ రామతులసే. మంచితనానికి మంచితనమే, ఎత్తుకు ఎత్తే. భావన పెళ్లయి వచ్చిన కొత్తలో ఇది చూసి కొంచెం ఇబ్బంది పడింది. తర్వాత ఆమె కూడా ఎత్తు నుంచే పోసింది.

వంటింటి కిటికీలోంచి భావనకు పెరడంతా కనిపిస్తుంది. దొండకాయలు తరుగుతున్నదల్లా నీళ్ల కోసం లేచి చూసింది. నిహారిక పెరట్లోకి వచ్చి పుల్లమ్మకు రెండడుగుల దూరంలో నిలబడింది. ఊరికే నిలబడి, తింటున్న మనిషి చేతి వంకే చూస్తోంది. అలా పిల్ల నిలబడి చూస్తుంటే ఎవరైనా ఏమంటారు? పుల్లమ్మ కూడా అదే అంది.

"తింటావా పాపా?"

అది అడిగే మాట కాదు, అనే మాట. ఊళ్లో అందరూ అందరినీ అంటారు, తిన్నాను కానివ్వమ్మా అని అవతలివాళ్లు వెళ్లిపోతారు. అంతటితో మర్యాద తీరిపోతుంది. నిహారికకు ఆ సంగతి తెలియదు. వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఈ ఊళ్లో ఎవరైనా ఆ మాట అంటారేమోనని చూస్తోంది. గబగబా కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చి, కంచానికి ఇవతల బాసింపట్టు వేసుకుని కూర్చుని, తన వైపున్న అన్నం, తోటకూర పప్పు కలుపుకుని ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది.

పుల్లమ్మ చెయ్యి కంచంలో ఆగిపోయింది. తలెత్తి కిటికీ వైపు చూసింది. చీకటి పడకముందే వంటింట్లో లైటు వేసి ఉంది.

భావన కిటికీ ఊచ పట్టుకుంది. ఆపాలి. పాపా, ఇటు రా, అంటే సరిపోతుంది. కానీ పిల్ల తింటోంది. నాలుగు రోజుల తర్వాత ఆకలిగా, మోచేతి దాకా పప్పు కార్చుకుంటూ, టాంగాలో తిన్నట్టు తింటోంది. ఇంకొక్క ముద్ద తిననీ అనుకుంది. ఆ ముద్ద అయ్యాక ఇంకొకటి అనుకుంది. ఆ తినే నోటిని చూస్తే తల్లి కడుపు నిండిపోయింది. పెరట్లో పిల్ల ఏదో చెబుతోంది, పుల్లమ్మ బెరుకుగానే నవ్వుతోంది, కంచంలో తన వైపున్న అప్పడాన్ని పిల్ల వైపు జరిపింది.

దేవుడి గదిలో దీపం పెట్టి రామతులసి పెరట్లోకి తులసికోట దగ్గరికి వచ్చింది.

ఆవిడ అరిచే మనిషి కాదు. చేతిలో ఉన్న చెంబుతోనే వచ్చి, పిల్ల మణికట్టు పట్టుకుని లేపి, చేతుల మీద నీళ్లు పోసింది. నోరు పుక్కిలించమంది. రెండోసారి పోసింది. పద, స్నానం చేద్దువు గాని అని పిల్లను స్నానాల గదిలోకి తోసి తలుపు మూసింది. అప్పుడు పుల్లమ్మ వైపు తిరిగింది.

"దానికంటే తెలవదు, చంటిది. నీకేమైంది పుల్లమ్మా? పదహారేళ్ల నుంచి ఉన్నావు ఈ ఇంట్లో."

పుల్లమ్మ కంచం పట్టుకుని నిలబడి ఉంది. నేను రమ్మనలేదమ్మగారూ, మాటవరసకు అన్నానంతే అంది. ఇంకోసారి కిటికీ వైపు చూసింది. భావన అప్పటికి మళ్లీ కత్తిపీట ముందు కూర్చుని ఉంది, పైకి కనిపించకుండా.

రామతులసి రేపటి నుంచి రావద్దంది. ఎవరినీ తిట్టకుండానే అంది. పుల్లమ్మ మిగిలిన అన్నం గోడ అవతల కుక్కకు వేసి, కంచం తోముకుని కిటికీ గూట్లో బోర్లించి, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. లోపలికి వచ్చి అత్తగారు, నువ్వు చూడలేదా భావనా అని అడిగింది. దొండకాయలు తరుగుతున్నానత్తయ్యా అంది భావన. దొండకాయలు నిజమే, తరగడమూ నిజమే. అబద్ధం చెప్పకుండా తప్పించుకునే విద్య ఆమెకు బాగానే పట్టుబడింది.

గురువారం సాయంత్రం మామగారు గోపాలకృష్ణయ్య పిల్లను కొట్టుకు తీసుకు రమ్మన్నాడు. పెద్ద బజారులో ఆయనది స్టీలు సామాన్ల కొట్టు. ఎంగిలిచేత్తో కాకిని కూడా తోలడని బజారంతా చెప్పుకుంటారు గానీ, మనవరాలి కోసం ఆయన ఆ రోజు బరువైన రకం కంచం ఒకటి బీరువాలోంచి తీసి పెట్టాడు. రాత్రే ఇంట్లో విషయం విన్నాడు. దానికి కొత్త కంచం, కొత్త గ్లాసు, కొత్త బాక్సు ఇచ్చి అన్నిటి మీదా పేరు కొడితే తనదేదో పరాయిదేదో తెలుస్తుందని ఆయన ఉపాయం. నలభై ఏళ్లుగా పేటలో పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, వ్రతాలకు పంచే సామాన్ల మీద పేర్లు కొట్టిన మనిషి. ఏ చిక్కుకైనా ఆయన దగ్గర ఉన్న విరుగుడు అదొక్కటే.

కళ్లజోడు నుదుటి మీంచి కిందికి దించి, కంచాన్ని తొడ మీద పెట్టుకుని, ఎడమ చేత్తో అంచు గట్టిగా పట్టుకున్నాడు. కుడిచేతిలో మిషను సూది. స్విచ్చి వేయగానే అది జివ్వుమంది. మామూలుగా రాసినట్టే రాస్తాడు, కానీ చెయ్యి ఎక్కడా ఆగకూడదు, ఆగితే అక్కడ గుంట పడుతుంది. నిహారిక అని కొట్టి, కింద టాంగా నుంచి వచ్చిన సంవత్సరం కూడా వేశాడు. పొడి ఊది, బొటనవేలితో తుడిచి, చూడవే నీ పేరు అని పిల్లకు ఇచ్చాడు. నిహారిక అక్షరాల మీద వేలు పెట్టి తడుముకుంది. తెలుగులో తన పేరు అంత పెద్దగా ఎప్పుడూ చూడలేదు. స్కూల్లో చేరాక మొదటిసారి పళ్లు కనిపించేలా నవ్వింది. భావనకు మామగారి కాళ్లకు దణ్ణం పెట్టాలనిపించింది.

తాతయ్య కంచం మీద పేరుందా అని అడిగింది పిల్ల. ఉంది. నానమ్మది? ఉంది. నాన్నది? చిన్నప్పటిదే, ఇప్పటికీ ఉంది.

"పుల్లమ్మ కంచం మీద లేదు తాతయ్యా. దాని మీద కూడా రాయవా?"

గోపాలకృష్ణయ్య నవ్వాడు. మంచి నవ్వే, మనవరాలి తెలివికి మురిసిపోయిన నవ్వు.

"దానికెందుకమ్మా పేరు? దాన్నెవరు ముట్టుకుంటారు?"

పక్కన గ్లాసులు బేరమాడుతున్న ఆడమనిషి కూడా నవ్వింది. పిల్ల నవ్వలేదు. ఆ మాటను నోట్లో బిళ్లలా చప్పరిస్తున్నట్టు ఇంటికి వచ్చేదాకా మాట్లాడలేదు.

దీపాలు పెట్టిన తర్వాత భావన పాఠం మొదలుపెట్టింది. అత్తగారు మంచం మీద కూర్చుని వింటోంది. మొక్కై వంగనిది మానై వంగునా, ఇప్పుడే చెప్పు అని ఆవిడే తొందర పెట్టింది. పక్కవాళ్ల కంచంలో చెయ్యి పెట్టకూడదు. కొరికింది ఎవరికీ ఇవ్వకూడదు, ఎవరైనా ఇస్తే తీసుకోకూడదు. తిన్న చేత్తో గరిటె ముట్టుకోకూడదు. గ్లాసు మూతికి ఆనకూడదు, ఎత్తి పోసుకోవాలి. ముట్టుకుంటే చెయ్యి కడుక్కోవాలి. నిహారిక కొత్త గ్లాసు ఎత్తి పోసుకోబోయింది. నీళ్లు ముక్కులోకి పోయి దగ్గింది, కళ్లు ఎర్రబడ్డాయి. రామతులసి లేచి వచ్చి పిల్ల నడినెత్తిన తట్టింది.

"పొలమారిందే. ఎవరో తలుచుకుంటున్నారు నిన్ను."

"మామా నీమా" అంది నిహారిక దగ్గుతూనే.

రామతులసి తిరిగి మంచం మీదికి వెళ్లింది. పిల్ల మళ్లీ గ్లాసు ఎత్తింది. ఈసారి సగం మెడ మీద పోసుకుంది. మూడోసారి మింగింది. తర్వాత చాలా శ్రద్ధగా, స్కూల్లో అడిగినట్టు అడిగింది. తాతయ్య తిని లేచాక నానమ్మ ఆ కంచంలోనే వడ్డించుకుని తింటదిగా, అది ఎంగిలి కాదా? అది వేరు అంది భావన. అది వేరు అనే మాట ఆ ఇంట్లో చాలా పనులకు సరిపోతుంది. నేను వదిలేసిన అన్నం నువ్వు తింటావుగా? అదీ వేరే. పుల్లమ్మ మన కంచాలన్నీ ముట్టుకుంటదిగా? తోమాక శుభ్రమైపోతాయి. పిల్ల ఒక్కొక్కటీ తల ఊపుతూ విని, వరసలో పెట్టుకుంటోంది.

"మరి మామా నీమా పళ్లెంలో తిన్నాంగా మనం. అది కూడా ఎంగిలేనా అమ్మా?"

రెండేళ్ల కిందట భావనకు మలేరియా వచ్చి పది రోజులు లేవలేకపోతే, ఈ పిల్ల ఆ పళ్లెంలోనే తింది. మొక్కజొన్న పిండి సంగటి ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, అందులో ఆకుకూర పెట్టి పిల్ల నోట్లో పెట్టేది ఆ మహాతల్లి. ఆ చేత్తోనే మంచం దగ్గరికి వచ్చి తన నోట్లోనూ పెట్టేది. అది వేరు అనొచ్చు. కానీ ఒకటి వేరంటే పిల్ల అన్నీ వేరంటుంది, రేపు మళ్లీ బాక్సు నిండుగా తిరిగొస్తుంది. అత్తగారు మంచం మీద నుంచి చూస్తోంది.

"అవును" అంది. "అప్పుడు మనకు తెలియలేదు."

నిహారిక కాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత లేచి వెళ్లి, సబ్బుతో కడుక్కుని వచ్చింది.

శుక్రవారం బాక్సు ఖాళీగా వచ్చింది.

భావన మూత తీసి, ఖాళీ బాక్సులో మొహం చూసుకున్నంత సేపు చూసింది. అడుగున ఒక్క కరివేపాకు రెబ్బ మిగిలింది. ఎవరి పక్కన కూర్చున్నావంటే హిమబిందు పక్కన అంది పిల్ల. తన బాక్సు మీద పేరు చూసి హిమబిందు వాళ్లింట్లో కూడా అలాగే కొట్టించమంటుందట. శనివారం ఇంకో ఇద్దరి పేర్లు చెప్పింది. హిమబిందు ఒక అప్పచ్చి మూత మీద పెట్టి ఇచ్చిందట, తను కూడా మూత మీదే పెట్టి ఇచ్చిందట. చెయ్యి తగలలేదమ్మా అని ప్రత్యేకంగా చెప్పింది. ఆ రాత్రి చైతన్య ఫోను చేసినప్పుడు భావన మొదటిసారి అబద్ధం చెప్పాల్సిన అవసరం లేకుండా, పడింది, అలవాటు పడింది అంది. గొంతులో సంతోషం ఉండాల్సినంత లేదని ఆమెకు తెలుస్తూనే ఉంది.

ఈలోపల అంట్లు గుట్ట పడ్డాయి. గురువారం, శుక్రవారం భావనే తోమింది. కొత్త మనిషి కోసం రామతులసి నాలుగిళ్లలో అడిగింది. ఒకామె గిన్నెలు మాత్రమే తోముతానంది, ఇంకొకామె ఆదివారాలు రానంది. రేపు చైతన్య వస్తున్నాడు, ఇద్దరు ముగ్గురు చుట్టాలు వస్తారు, ఎవరు చాకిరీ చేస్తారు? ఎంగిలి సంగతి ఎలా ఉన్నా చాకిరీ సంగతి ఆగేది కాదు. శనివారం మధ్యాహ్నం రామతులసే ఫోను చేసి, ఏందే పుల్లమ్మా, ఒక మాటంటే రావడం మానేస్తావా, సాయంత్రం కనపడు అంది. మానమన్నది ఎవరో ఆవిడకు గుర్తులేనట్టే మాట్లాడింది. పుల్లమ్మ కూడా గుర్తులేనట్టే వచ్చింది.

అత్తగారు గుడికి వెళ్లిన సమయం చూసి భావన పెరట్లోకి వెళ్లింది. పుల్లమ్మ కుళాయి కింద కుక్కరు పెట్టి పీచుతో రుద్దుతోంది. భావన తడి గట్టు పక్కన నిలబడి, పిల్లకు తెలియక చేసింది పుల్లమ్మా, నువ్వేమీ అనుకోకు అంది. ఆ ముక్క అనడానికి మూడు రోజులు పట్టింది, అది కూడా పిల్ల మీద పెట్టి అంది.

పుల్లమ్మ రుద్దడం ఆపలేదు.

"పాపనేమంటాను చిన్నమ్మగారూ. మీరు కిటికీలోంచి చూస్తన్నారు గదా. మీరు పిలవకపోయేసరికి, పోన్లే, కోడలమ్మకు పర్లేదేమో అనుకున్నా."

అని కుక్కరు బోర్లించింది. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, భావన దానికి ఏదో ఒక జవాబు చెప్పుకుని తేలికపడేది. ఏమీ లేకపోయేసరికి, సబ్బు అయిపోయిందా పుల్లమ్మా అని అడిగి లోపలికి వచ్చేసింది.

ఆదివారం పొద్దున్నే హైదరాబాదు బస్సు దిగి వచ్చాడు కృష్ణచైతన్య. ఎండకు నల్లబడ్డాడు, గడ్డం పెరిగింది. నిహారిక వాకిట్లోనే ఎగిరి మెడ పట్టుకుంది. పట్టుకుని తెలుగులోనే మాట్లాడింది, ఊరు వచ్చిన రోజు కంటే చాలా బాగా మాట్లాడింది. వీధిలో నలుగురి ముందూ రామతులసి మురిసిపోయింది.

స్నానమయ్యాక పెట్టె విప్పాడు. బట్టల మధ్య నుంచి పాత తువ్వాలు చుట్టిన పెద్ద పళ్లెం తీశాడు. గులాబి పువ్వులున్న పింగాణీ పూత రేకు పళ్లెం, నలుగురు చుట్టూ కూర్చునేంత వెడల్పు. అంచున రెండు చోట్ల పూత లేచి నల్లగా కనిపిస్తోంది. మామా నీమా పంపింది. దానితో పాటు కాగితం పొట్లంలో కషాటా పంపింది, కొబ్బరీ పంచదారా పాకం పట్టి బిళ్లలు కోసిన మిఠాయి. టాంగాలో బస్సు దాకా వచ్చి ఏడ్చిందని చైతన్య చెప్పాడు. గోపాలకృష్ణయ్య పళ్లెం అందుకుని, వ్యాపారస్తుడి చేతులతో తిప్పి చూసి, గోటితో అంచు మీద కొట్టాడు. దీని మీద పేరు పడదురా, సూది పెడితే పూత లేచిపోద్ది అన్నాడు.

మధ్యాహ్నం చుట్టాలు తిని వెళ్లాక ఇంట్లోవాళ్లు కూర్చున్నారు. భావన వడ్డిస్తోంది. చైతన్య తన పేరున్న కంచం పక్కకు జరిపి, పింగాణీ పళ్లెం కడిగి తెచ్చుకున్నాడు. దాని నిండా అన్నం పెట్టించుకుని, దోసకాయ పప్పు, నెయ్యి వేసి, టాంగాలో ఆదివారాలు కలిపినట్టే మొత్తం ఒకేసారి కలిపాడు. గుత్తివంకాయ కూర ఒక పక్కన వేయించుకున్నాడు. రావే నిహా, అని పిలిచాడు. పిల్ల రాకపోయేసరికి నవ్వుతూ ఆ భాషలోనే పిలిచాడు.

"కరీబు."

నిహారిక పీట మీద తన కంచం ముందు నిటారుగా కూర్చుని ఉంది. పేరు తన వైపుకు తిప్పి పెట్టుకుంది. నానమ్మ వైపు చూసింది, అమ్మ వైపు చూసింది.

"వద్దు నాన్నా. ఎంగిలవుద్ది."

రామతులసి గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. చూశావా చైతన్యా, మన పిల్లయిపోయింది అంది. గోపాలకృష్ణయ్య భేష్ అన్నాడు. చైతన్య మొదట నవ్వాడు, పిల్ల ఆటకు అంటోందనుకున్నాడు. పిల్ల ఆడడం లేదని తెలిసి భార్య వంక చూశాడు. అడుగుతున్నట్టే చూశాడు. భావన గరిటె పట్టుకుని నిలబడిపోయింది. వెళ్లి ఆ పళ్లెం ముందు కూర్చుంటే చాలు. ఎన్ని ఆదివారాలు కూర్చోలేదు? అత్తగారు, నెయ్యి గిన్నె ఇటివ్వు భావనా అంది. భావన నెయ్యి గిన్నె అందించింది. చైతన్య తల వంచుకుని, నలుగురికి కలిపిన అన్నం ఒక్కడే తినసాగాడు.

పిల్ల ముందుగా తినేసి, కంచం తనే తీసుకెళ్లి అంట్ల గట్టు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చింది. రామతులసికి ఇంకా పొంగు తగ్గలేదు. పుల్లమ్మ పెరట్లో ఉంది, ఆ మిఠాయి దానికి కూడా రెండు బిళ్లలు పెట్టి రాపో తల్లీ అని పురమాయించింది. నిహారిక పొట్లంలోంచి రెండు కషాటా బిళ్లలు తీసుకుని బయలుదేరింది. కనీసం ఇప్పుడైనా పుల్లమ్మతో పిల్ల నాలుగు మాటలు మాట్లాడుతుందని, తన మనసు తేలికవుతుందని భావన వెనకే వెళ్లి తలుపు దగ్గర నిలబడింది.

పుల్లమ్మ పిల్లను చూసి మొహమంతా నవ్వయి, తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని దోసిలి పట్టింది. నిహారిక రెండడుగుల ఇవతలే ఆగింది. మెట్టు మీదే నిలబడి, చెయ్యి బాగా పైకెత్తి, జానెడు కాదు మూరెడు ఎత్తు నుంచి బిళ్లలు జారవిడిచింది. ఒకటి దోసిట్లో పడింది. రెండోది అంచుకు తగిలి తడి నేల మీద పడింది.

"చేతికియ్యమ్మా" అంది భావన.

పిల్ల వెనక్కి తిరిగి చూసింది. తప్పు చేశానా అని కాదు, అమ్మ మర్చిపోయిందేమోనని.

"ముట్టుకుంటే మళ్లీ చెయ్యి కడుక్కోవాలిగా. నువ్వే చెప్పావుగా అమ్మా."

అని, తల్లి పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. వెళ్తూ ఆమె చీరకు కూడా తగలకుండా ఒదిగి వెళ్లింది.

పుల్లమ్మ వంగి, నేల మీది బిళ్ల తీసి, ఊది, రెండూ కలిపి కొంగు చివర ముడి వేసుకుంది.

"పాప నేర్చుకుందమ్మా. నాలుగు రోజుల్లో నేర్చేసుకుంది. ఇంక మీకేం దిగులు లేదు."

అంట్ల ముందు కూర్చుని కుళాయి తిప్పింది. గుట్టలో అన్నిటికంటే పైనున్న కంచం తీసుకుని, మెతుకులు దులిపి, పీచుతో రుద్దడం మొదలుపెట్టింది. దాని మీద నిహారిక పేరు ఉంది.